పంచె, ధోవతి, లుంగీ: పేరు బట్టదా, కట్టుదా?

మీరు అడిగింది ఇదీ: బడిలో సంప్రదాయ దుస్తుల రోజు పెడితే మీ అబ్బాయికి తెల్ల పంచె కట్టి, వాడి బొమ్మ కింద 'లుంగీ' అని రాసి పంపారు. మీ నాన్నగారు చూసి కోప్పడ్డారు. పంచె, ధోవతి, లుంగీ ఒకటి కావా, ఇలా కుట్టకుండా చుట్టుకునేవాటన్నిటికీ కలిపి తెలుగులో ఒక మాట ఉందా అని ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. కోప్పడటం ఎక్కువే గానీ మీ నాన్నగారు చెప్పింది నిజం. తెల్లగా, పక్కన అంచుతో, ఎక్కడా కుట్టు లేకుండా ఉండేది పంచె. పొడుగు పంచెను గోచీ పోసి, అంటే ఒక చెంగు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి దోపి కడితే ధోవతి. రంగు గళ్ళతో, ఎక్కువగా రెండు కొసలూ కలిపి కుట్టేసి గొట్టంలా ఉండేది లుంగీ. ఇక అన్నిటికీ కలిపి ఒక మాట అంటే 'కట్టుబట్ట' ఒక్కటే దగ్గరగా వస్తుంది. దాన్ని కూడా ఇప్పుడు మనం 'కట్టుబట్టలతో రోడ్డున పడ్డాడు' అన్నప్పుడే వాడుతున్నాం, అంటే ఒంటిమీద ఏముంటే అదే అనే అర్థంలో. ప్యాంటు వేసుకున్నవాడు కూడా కట్టుబట్టలతోనే మిగులుతాడు!

నా సంగతి చెప్పాలి కదా. మాది చీరాల వైపు నేత కుటుంబం. మగ్గం గుంటలో నేను కూర్చున్నది మూడు నాలుగేళ్ళే, అదీ మా నాన్న తిట్టి కూర్చోబెడితే. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు బట్టల కొట్టు. పంచెలు, ధోవతులు, కండువాలు, లుంగీలు, తువ్వాళ్ళు. చీరల జోలికి పెద్దగా పోలేదు. కాబట్టి చీర గురించి చెప్పేది తక్కువ, మగవాళ్ళ బట్ట గురించి ఎక్కువ ఉంటుంది, సర్దుకోండి.

మన భాషలో పేరు కన్నా ముందు క్రియ చూడాలి. చొక్కా తొడుక్కుంటాం లేదా వేసుకుంటాం. పంచె, చీర, లుంగీ కట్టుకుంటాం. ఉత్తరీయం వేసుకుంటాం. శాలువా, దుప్పటి, గొంగళి కప్పుకుంటాం. తలపాగా చుట్టుకుంటాం. గోచీ పెట్టుకుంటాం. 'చొక్కా కట్టుకున్నాడు' అంటే మాటలు నేర్చుకుంటున్న పిల్లలు కూడా నవ్వుతారు. అంటే కుట్టిన బట్టకూ కుట్టని బట్టకూ తేడా మన నోట్లోనే ఉంది, వేరే పేరు పెట్టనక్కర్లేకపోయింది. అందుకేనేమో మీరు అడిగిన ఆ 'కలిపి ఒక మాట' గట్టిగా నిలబడలేదు.

ఈమధ్య మాత్రం కుర్రాళ్ళు 'పంచె వేసుకున్నా' అంటున్నారు. మొదట్లో చెవికి గుచ్చుకునేది. తర్వాత ఆలోచిస్తే వాళ్ళది తప్పనిపించలేదు. నడుము దగ్గర వెల్‌క్రోతో అంటించుకునేవి, కుచ్చిళ్ళు కుట్టేసి ప్యాంటులా కాళ్ళు దూర్చేవి వచ్చాక అక్కడ కట్టడం ఏముంది? ఇంకో తమాషా: కండువాను ఎవరికి వారు 'వేసుకుంటారు', పార్టీ కండువా మాత్రం ఎవరో ఒకరు 'కప్పుతారు'.

సరే, కొలతల దగ్గరికి వద్దాం. మీ నాన్నగారి వయసువాళ్ళకు ఇవి మూరల్లో తెలుసు, మీకు మీటర్లలో చెప్పాలి. మోచేయి నుంచి వేలి కొస దాకా మూర. రెండు మూరలు ఒక గజం, అంటే 36 అంగుళాలు. నాలుగు మూరల పంచె అంటే రెండు గజాలు, దగ్గర దగ్గర 1.8 మీటర్లు. దీన్ని నడుముకు అడ్డంగా చుట్టి దోపుకోవడమే. అడ్డపంచె అనేది దీన్నే. ఎనిమిది మూరలంటే 3.6 మీటర్ల పైచిలుకు. దీన్ని మధ్యకు మడిచి రెండు పొరలుగా అడ్డంగా కట్టుకుంటారు, కొట్లో 'డబుల్' అని అడుగుతారు. ఒంటి పొర పంచె పల్చగా ఉండి లోపలిది కనబడుతుందని మొహమాటపడేవాళ్ళకు డబుల్ మంచిది. తొమ్మిది మూరలు 4.1 మీటర్లు, పది మూరలు 4.6 మీటర్లు. ఈ రెండూ గోచీ పోసి కట్టడానికి.

పొట్లం మీద 9×5, 10×6 అని రాసి ఉంటుంది. పొడుగు, వెడల్పు అనుకుని బెంబేలెత్తినవాళ్ళు చాలామంది ఉన్నారు. 'అయిదు మూరల వెడల్పు పంచె ఏం చేసుకోను బాబాయ్' అని ఒకబ్బాయి నిజంగానే అడిగాడు. ముందున్న అంకె కట్టుకునే పంచెది, వెనకున్నది భుజాన వేసుకునే ఉత్తరీయానిది. రెండూ మూరలే.

ఇక్కడే నేను దెబ్బ తిన్నాను, చెబుతాను. కొట్టు పెట్టిన రెండో ఏడు. తెలిసినవాళ్ళ ద్వారా ఫోను ఆర్డరు: ఉపనయనానికి ధోవతులు పది చాపులు పంపమని. చాపు అంటే కోయకుండా నేసిన జత. నాకు ధోవతి అన్నా పంచె అన్నా ఒకటే అప్పటికి. మంచి ఎనిమిది మూరల రకం, సన్న నూలు, చక్కటి అంచు, ఏరి మరీ పంపాను. మర్నాడు కట్ట కట్టినట్టే తిరిగొచ్చింది. వెంట వచ్చిన పంతులుగారు మర్యాదగానే చెప్పారు: 'నాయనా, ఇవి కట్టుకోవడానికి భేషుగ్గా ఉన్నాయి, కర్మకు పనికిరావు. గోచీ వెనక్కి అందదు, పైకి ఉత్తరీయం లేదు.' సన్నగా రివటలా ఉన్నవాడికైతే ఎనిమిది మూరల్లోనూ గోచీ వస్తుంది. కాస్త నడుమున్న మనిషికి రాదు. ఆ సాయంత్రం 9×5 దొరికే కొట్టు వెతుక్కుంటూ బస్సెక్కాను. అప్పటి నుంచి ఎవరు ధోవతి అన్నా 'గోచీకా, అడ్డకట్టుకా' అని అడగకుండా బీరువా తెరవలేదు.

ఆయన చెప్పినదాని వెనక పాత నియమం ఉంది. కచ్చ, అంటే గోచీ లేకుండా, ఉత్తరీయం లేకుండా వైదిక కర్మ చేయకూడదని ధర్మశాస్త్రాల మాట. అడ్డంగా కట్టినవాడు ఆ లెక్కన బట్ట కట్టనివాడి కిందే జమ. ధోవతి అనే మాట పుట్టుక కూడా ఆ పక్కనే ఉంది. సంస్కృతంలో ధౌతం అంటే ఉతికినది. ఉతికి, ఆరేసి, ఎవరూ తాకకుండా తీసి కట్టుకునేది ఏమిటి? మన మడిబట్ట. హిందీలో ధోతీ, మన కోస్తాలో ధోవతి, తెలంగాణలో దోతి. మా వైపు పూజకీ పెళ్ళికీ పెద్దమనుషుల మధ్యా ధోవతి అనీ, పొలం గట్టు మీద పంచె అనీ అలవాటుగా అనేస్తాం. పేరులో మడి వాసన ఉన్నది దానికి, మట్టి వాసన ఉన్నది దీనికి.

పంచె అనే మాటకు 'ఐదు గజాలు కాబట్టి పంచ' అని ఒక వివరణ తిరుగుతుంటుంది. నేను నమ్మను. పై లెక్క చూడండి, ఐదు గజాలు వచ్చేది పది మూరల దానికి ఒక్కదానికే. రెండు గజాల దాన్నీ నాలుగు గజాల దాన్నీ జనం పంచె అనే అన్నారు, అడ్డంగా కట్టేదాన్నే ఎక్కువగా అన్నారు. కన్నడంవాళ్ళదీ ఇదే మాట, పంచె.

లుంగీ సంగతి వేరు. మాట మనది కాదు. పారసీకంలో లుంగ్ అంటే స్నానానికి నడుముకు చుట్టుకునే గుడ్డ. ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. చిత్తూరు, నెల్లూరు వైపు తమిళుల లాగే కైలీ అని కూడా అంటారు. ఉత్తరాంధ్ర నుంచి రంగూను కూలికి పోయి వచ్చినవాళ్ళ పెట్టెల్లో బర్మా లుంగీలు ఉండేవని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. బర్మాలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూడా గొట్టంలా కుట్టినదే కడతారు, మగవాళ్ళది పసొ, ఆడవాళ్ళది థమెయిన్. ఇంకా కిందికి పోతే మలయావాళ్ళ సారోంగ్. ఆ మాటకు తొడుగు, ఒర అని అర్థం. గొట్టంలా ఉంది కాబట్టి సరిపోయింది. ఇంగ్లీషులో చుట్టుకునే ప్రతిదాన్నీ సారోంగ్ అనేస్తారు గానీ మన పంచెకు ఆ పేరు అతకదు. ఒరలా కుట్టింది కాదు కదా.

లుంగీకి పంచె కన్నా తక్కువ మర్యాద ఎందుకు అని మీరు అడగలేదు, కానీ మీ నాన్నగారి కోపం అక్కడిదే అని నా అనుమానం. గళ్ళు, రంగులు అసలు కారణం కావు. కుట్టు కారణం. సూది పడిన బట్ట మడికి పనికిరాదు అనే పట్టింపు ఇళ్ళల్లో ఉండేది. లుంగీకి నిలువునా ఒక కుట్టు పడుతుంది. పడుకునేటప్పుడు జారిపోకుండా, నలుగురిలో చెంగు విడిపోకుండా ఆ కుట్టు చాలా సుఖం. ఆ సుఖమే దాన్ని ఇంట్లో కట్టుకునే బట్టను చేసింది. పెద్దమనిషి ఇంటికి వస్తే లుంగీ మీద ఉన్నవాడు లోపలికెళ్ళి పంచె కట్టుకుని వచ్చేవాడు. నాకు మాత్రం లుంగీ అంటే చిన్నచూపు లేదు. గళ్ళ లుంగీలో రంగులు సరిగ్గా కూర్చడం, గడి గడికి పోగులు లెక్క తప్పకుండా పడుగు పెట్టడం తెల్ల పంచె నేయడం కన్నా తలనొప్పి పని. తెల్ల పంచెలో నేతగాడి చేయి తెలిసేది రెండు అంచుల్లోనే.

చట్టం కూడా రెంటినీ వేరుగానే చూసింది. కొన్ని రకాలు చేనేత మగ్గం మీదే నేయాలని 1985లో కేంద్రం ఒక చట్టం చేసింది. ఆ జాబితాలో ధోతి ఒక వస్తువు, లుంగీ ఇంకొక వస్తువు. మర మగ్గాల సరుకు అయినా బజారులో ఏరులా పారింది, అది వేరే ఏడుపు.

పేరు బట్టది కాదు, కట్టుది అని నాకు బాగా తెలిసివచ్చింది తేలియా రుమాలు దగ్గర. మా చీరాలలోనూ అటు తెలంగాణలో పుట్టపాకలోనూ నేసేవారు. నూలును నూనెలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ముడులు కట్టి ఎరుపూ నలుపూ అద్ది, చదరంగా నేసేవారు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరు రుమాలు. అదే చేపలవాళ్ళు, పశువుల కాపరులు తలకు చుడితే పాగా, నడుముకు కడితే లుంగీ, భుజాన వేస్తే కండువా. ఎండలో చల్లగా ఉంటుందని అనేవారు. ఒకే గుడ్డకు పొద్దున ఒక పేరు, మధ్యాహ్నం ఒక పేరు. ఇక తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళకు రుమాలు అంటేనే తలపాగా. మా వైపు రుమాలు అంటే ముక్కు తుడుచుకునేది. ఒకసారి నల్గొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన 'దోతి, రుమాలు ఇయ్యి' అంటే నేను పంచె తీసి, దాని మీద జేబురుమాలు పెట్టి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి చూసి, 'ఇది నా తలకాయకు సరిపోతదా?' అన్నాడు.

ఇంకో కట్టు కూడా చెప్పాలి. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీగారు చొక్కా, టోపీ వదిలి మోకాళ్ళ దాకా చిన్న గుడ్డకు దిగారు. గోచీ గుడ్డా కాదు, నిండు ధోవతీ కాదు. దానికి తెలుగులో అప్పటికే మాట ఉంది, కొల్లాయి. ఇప్పటి పిల్లలకు ఆ మాట గాంధీగారితోనే తెలుసు. మా తాత కూడా గుంటలో కూర్చునేటప్పుడు కట్టేది కొల్లాయే. ఆయన ఏ ఉద్యమమూ చేయలేదు, గుంటలో ఉక్క.

చీర గురించి ఒక్క మాట. చీర ఆడవాళ్ళది అని ఇప్పుడు మనకు ఖాయమైపోయింది. కానీ వనవాసానికి వెళ్తూ రాముడు కట్టింది నారచీర. సంస్కృతంలో చీరం అంటే నారబట్ట, గుడ్డ పేలిక. మగవాడు కట్టినా చీరే. పాత పద్యాల్లో కనబడే వలువ, పుట్టం, కోక కూడా ఆడామగా తేడా లేకుండా బట్టకు చెప్పిన మాటలే. ఆ తర్వాత కోక పూర్తిగా ఆడవాళ్ళ వైపు వెళ్ళిపోయింది, వలువ పద్యాల్లో ఉండిపోయింది. హిందీ సాడీ వేరే దారిన, శాటి అనే సంస్కృత మాట నుంచి వచ్చింది. తొమ్మిది గజాల చీరను గోచీ పోసి కట్టిన ముసలమ్మలను తెలంగాణలో మీరు చూసే ఉంటారు. వెనక నుంచి చూస్తే ఆ గోచీకీ పురోహితుడి గోచీకీ తేడా చాలా తక్కువ.

పక్క భాషల మాటలు మన ఊళ్ళలోనూ వినబడుతున్నాయి కాబట్టి రెండు ముక్కలు. తమిళులది వేష్టి, వేట్టి, మలయాళులది ముండు. కట్టు మన అడ్డపంచే. కేరళవాళ్ళు పండగలకు కట్టేది పాలమీగడ రంగు, జరీ అంచు. వేష్టి మీద తమిళులకు ఎంత పట్టుదల అంటే, 2014లో చెన్నైలో ఒక క్లబ్బు వేష్టి కట్టుకున్న హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వకపోతే, ఆ ఏడాదే అలా ఆపడం నేరమని అక్కడి శాసనసభ చట్టం చేసింది.

అసలు ప్రశ్నకు వస్తే, బొమ్మ కింద ఏం రాయాలి? అబ్బాయికి అడ్డంగా కట్టి ఉంటే 'పంచె'. గోచీ పోసి కట్టి ఉంటే 'ధోవతి' రాయండి, లేదా 'పంచెకట్టు' అనండి. పంచెకట్టు అంటే ఏ కట్టయినా వస్తుంది గానీ, ఆ మాట వినగానే మన కళ్ళ ముందు నిలిచేది గోచీ, ముందు కుచ్చిళ్ళు, పైన కండువా ఉన్న మనిషే. భుజాన ఉన్నది సన్నగా మడిచి వేస్తే కండువా, వెడల్పుగా ఉంటే ఉత్తరీయం, పూజ సందర్భమైతే అంగవస్త్రం. ఈ మూడింటికీ గట్టి గీతలు లేవు. మీ ఇంట్లో ఏది అంటారో అదే రాయండి, ఎవరూ గొడవకు రారు. లుంగీ అని మాత్రం కొట్టేయండి.

ఇంకో సారి కట్టాల్సివస్తే రెండు జాగ్రత్తలు. కొత్త నూలు పంచెకు గంజి ఉంటుంది, ముడి నిలవదు, జారుతుంది. ఒకసారి నీళ్ళలో జాడించి ఆరేసి కట్టండి. పట్టుదైతే తడపకూడదు, అది ఎలాగూ జారుతుంది. పెళ్ళికొడుకులు ఒక చేత్తో తలంబ్రాలు, ఇంకో చేత్తో నడుము పట్టుకుని నిలబడటం ఎన్నో పెళ్ళిళ్ళలో చూశాను. మొలతాడు ఉంటే గోచీ చెంగు దాని కింద నుంచి పైకి తీసి దోపండి. లేకపోతే నూలు నాడా ఒకటి ముందు కట్టి, దాని మీద పంచె కట్టండి. తోలు బెల్టు వద్దు, కుచ్చిళ్ళు దాని కింద ఉబ్బిపోయి పిల్లవాడికి పొట్ట వచ్చినట్టు కనబడుతుంది.

పదేళ్ళ లోపు పిల్లవాడికి పెద్దవాళ్ళ తొమ్మిది మూరలది కొనకండి, సగం బట్ట మడతల్లోనే పోతుంది. నాలుగు మూరల పంచె తీసుకుని వెడల్పును వాడి నడుము నుంచి చీలమండ దాకా వచ్చేలా పైన మడిచి, మధ్య భాగం వీపుకు ఆనించి, రెండు కొసలూ ముందుకు తెచ్చి బొడ్డు దగ్గర ముడి వేయండి. ఒక చెంగు కుచ్చిళ్ళు పెట్టి కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి దోపితే గోచీ. రెండో చెంగు కుచ్చిళ్ళు పెట్టి ముందు దోపాలి. మొదటిసారి మీకు రాదు. మీ నాన్నగారిని పిలవండి, ఆయనకు వచ్చే ఉంటుంది.